గడ్డకట్టే చలిలో టెలిస్కోపు

లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి దాదాపు 4,500 మీటర్ల ఎత్తున, హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. 2 మీటర్ల అద్దం ఉన్న ఈ టెలిస్కోపు 2000 సెప్టెంబరులో తొలిసారి నక్షత్ర కాంతిని అందుకుంది. దీన్ని నడిపే ఖగోళ శాస్త్రవేత్తలు కూర్చునేది బెంగళూరు దగ్గరి హోస్కోటెలో. ఆదేశాలు ఉపగ్రహం మీదుగా వెళతాయి. చలికాలపు రాత్రుల్లో హాన్లేలో ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీల దాకా పడిపోతుంది. అంత చలిలో ఒక చిన్న మోటారో, సెన్సరో మొరాయించినా ఆ రాత్రి పని ఆగిపోతుంది.

అలాంటప్పుడు టెలిస్కోపు ఉన్న గుమ్మటాన్ని హీటర్లతో వెచ్చబెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ పని అస్సలు చేయకూడదు. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద గాలి ఎలా అలలు అలలుగా కదులుతుందో, వెచ్చని గుమ్మటం నుంచి చల్లని ఆకాశంలోకి లేచే గాలి కూడా అలాగే కదులుతుంది. దాని గుండా చూస్తే నక్షత్రం చుక్కలా కాక అలుక్కుపోయిన మచ్చలా కనిపిస్తుంది. అందుకే గుమ్మటం లోపలి గాలి బయటి గాలి అంత చల్లగా ఉండాలి. ఎలక్ట్రానిక్ పరికరాలకు కావలసిన వెచ్చదనమేమో వాటి పెట్టెల్లోనే ఉండిపోవాలి, కాంతి వచ్చే దారిలోకి రాకూడదు. చలి ప్రాంతపు టెలిస్కోపుల ఇంజినీరింగులో చాలా భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

నిజానికి సిలికాన్ చిప్‌కు చలి అంటే పెద్ద భయం లేదు. నక్షత్రాల ఫొటోలు తీసే సీసీడీ చిప్‌ను ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 100 డిగ్రీల దాకా కావాలనే చల్లబరుస్తారు. వేడి వల్ల దానిలో తలెత్తే అనవసర సంకేతాలు అప్పుడే అణుగుతాయి. ఇబ్బంది చిప్ చుట్టూ ఉన్నవాటితోనే. మామూలు గృహోపకరణాల్లో వాడే చిప్‌లకు తయారీదారులు ఇచ్చే హామీ 0 నుంచి 70 డిగ్రీల వరకే. పారిశ్రామిక రకానికి మైనస్ 40 నుంచి 85 దాకా, సైనిక రకానికి మైనస్ 55 నుంచి 125 దాకా ఉంటుంది. ద్రవం నింపిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు చలికి సత్తువ కోల్పోయి, సరఫరా వోల్టేజీలో ఎగుడుదిగుళ్లు వస్తాయి. ఎల్‌సీడీ తెరలో ఒక అంకె చెరిగేలోపే ఇంకో అంకె దాని మీద పడి, రెండూ కలిసిపోతాయి. పీవీసీ తొడుగున్న వైరు ఎండుపుల్లలా బిగుసుకుపోయి, వంచితే పగులుతుంది.

మోటారు దగ్గర జరిగేది మరీ గమనించాల్సిన విషయం. భూమి తిరుగుడుకు తగ్గట్టు టెలిస్కోపు నిమిషానికి పావు డిగ్రీ చొప్పున, ఏమాత్రం కుదుపు లేకుండా కదలాలి. పళ్ల చక్రాల మధ్య ఉన్న మామూలు గ్రీజు చలికి మైనంలా గట్టిపడుతుంది. మోటారు దాన్ని తోయలేక ఎక్కువ కరెంటు లాగుతుంది, కాస్త ఆగుతుంది, ఉన్నట్టుండి ముందుకు గెంతుతుంది. ఫొటోలో నక్షత్రం గీతగా మారుతుంది. చాలాసార్లు సర్క్యూట్ పాడైందని అనుకుంటారు కానీ తప్పు గ్రీజుది. అలాంటి చోట్ల చలికి గట్టిపడని సింథటిక్ గ్రీజు వాడాలి.

ఎత్తు మరో చిక్కు తెస్తుంది. హాన్లేలో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 60 శాతానికి లోపే. గాలి పలచబడితే ఫ్యాను ఎంత తిరిగినా వేడిని మోసుకుపోయేది తక్కువ. కాబట్టి బయట నీళ్లు గడ్డకడుతున్నా, మూసిన పెట్టెలోని ప్రాసెసరు వేడెక్కిపోవచ్చు. పాత తరహా హార్డ్ డిస్కులో చదివే తల పలుచని గాలిపొర మీద తేలుతుంది, అందుకే వాటిలో చాలావాటికి హామీ 3,000 మీటర్ల వరకే. ఎక్కువ వోల్టేజీ ఉన్న చోట్ల నిప్పురవ్వలు దూకడమూ పలచని గాలిలో తేలిక.

హాన్లేలోనే 21 మీటర్ల వ్యాసంతో ఉన్న మేస్ గామా కిరణాల టెలిస్కోపుకు ఈ బాధలన్నీ ఒకేసారి ఎదురవుతాయి. భాభా అణు పరిశోధన కేంద్రం దీన్ని హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తోడ్పాటుతో నిర్మించింది. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. దీనికి గుమ్మటం లేదు. అతి మసక వెలుగును పసిగట్టే 1,088 ఫొటోమల్టిప్లయర్ గొట్టాలున్న కెమెరా, దాని ఎలక్ట్రానిక్స్‌తో సహా, ఆరుబయట గాలిలో ఉంటుంది. హైదరాబాద్ ఇంజినీర్ల చేతిపని ఆ మంచు ఎడారిలో నిలబడి ఉండడం తెలుగువారు తెలుసుకోదగ్గ సంగతి.

ఇలాంటి చోట్ల పాటించే పద్ధతి సూటిగా ఉంటుంది. పరికరాన్ని ఇన్సులేషన్ ఉన్న పెట్టెలో పెట్టి, థర్మోస్టాట్‌తో నడిచే చిన్న హీటరు అమర్చుతారు. ముందు పెట్టె వెచ్చబడాలి, ఆ తర్వాతే సర్క్యూట్‌కు కరెంటు. చల్లబడిపోయిన పరికరాన్ని ఒక్కసారిగా ఆన్ చేసే క్షణమే దానికి గడ్డుది కాబట్టి, వీలైనవాటిని రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంచుతారు. పొడి గాలిలో ఉన్ని దుస్తుల రాపిడికి స్థిరవిద్యుత్తు పుడుతుంది. అందుకే బోర్డును ముట్టుకునే ముందు మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకుంటారు.

మిన్నెసోటాలోనో టొరంటోలోనో పెరట్లో టెలిస్కోపు పెట్టుకునే తెలుగు కుటుంబాలకు ముందుగా తెలిసొచ్చేది బ్యాటరీ సంగతి. మైనస్ 20 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో సుమారు సగమే ఇస్తుంది. పూర్తిగా ఖాళీ అయితే లోపలి ఆమ్లం పలచబడి, సున్నాకు కొన్ని డిగ్రీల దిగువనే గడ్డకట్టి డబ్బా పగలొచ్చు. థర్మోకోల్ పెట్టెలో పెట్టి నేలకు ఆనకుండా ఉంచితే, వాడకంలో పుట్టే వేడే దాన్ని కాపాడుతుంది. లెన్స్ చుట్టూ కట్టే హీటరు పట్టీ గాజును చుట్టూ ఉన్న గాలికన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు, మంచు పట్టదు.

పని అయ్యాక సామాను లోపలికి తెచ్చేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. ఇంట్లోని వెచ్చని తడిగాలి తగలగానే కెమెరా, సర్క్యూట్ బోర్డు, కనెక్టర్లు అన్నీ చల్లటి గ్లాసులా చెమరుస్తాయి. కాబట్టి బయట ఉండగానే పరికరాన్ని గాలి చొరబడని సంచిలో, సిలికా జెల్ పొట్లాలు వేసి మూయాలి. సంచి గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగాలి. లిథియం బ్యాటరీనీ అప్పటిదాకా ఛార్జింగుకు పెట్టకూడదు. సున్నా డిగ్రీలకన్నా తక్కువలో ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుపోయి, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.