బండి, బ్రాండు, జాబ్ కార్డు: బైకు సర్వీసుపై అపోహలు – వాస్తవాలు

బండి కొనాలనుకోగానే మన ఇళ్లలో మొదట వినపడే ప్రశ్న ‘మైలేజీ ఎంతిస్తుంది?’ రెండోది ‘ఆ కంపెనీ సర్వీసు ఎలా ఉంటుంది?’ మొదటిదానికి ఎవరైనా ఒక అంకె చెబుతారు. రెండోదానికి మాత్రం బావమరిది అనుభవం, ఆఫీసులో పక్క సీటాయన మాట, సందు చివరి మెకానిక్ ఇచ్చిన తీర్పు, ఇవే ఆధారం. లక్ష రూపాయలు దాటిన వస్తువును ఈ మాటల మీదే కొనేస్తాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని మీదే పిల్లల్ని బడికి దింపుతాం, పొలానికి వెళ్తాం, నైట్ డ్యూటీ నుంచి ఇల్లు చేరతాం. బ్రేకు పడుతుందా లేదా అన్నది ప్రాణానికి సంబంధించిన సంగతి. కాబట్టి సర్వీసు గురించి, బ్రాండుల గురించి మనలో పాతుకుపోయిన నమ్మకాల్లో నిజమెంతో తేల్చుకోవాల్సిందే.

అపోహ: పేరున్న కంపెనీ బండి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు

కంపెనీకి పేరు తెచ్చిన బండి వేరు, ఇవాళ మనం కొనే బండి వేరు. హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 రెండూ 1985లోనే మన రోడ్ల మీదికొచ్చాయి. ఒకటి పెట్రోలు ఆదాకు, రెండోది పికప్‌కు పేరు మోశాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయినా ‘పాత బండ్లే గట్టివి’ అనే మాట రాగానే ఇప్పటికీ దాని పేరే చెబుతారు. కానీ అది టూ స్ట్రోక్ ఇంజిన్. పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా మండుతుంది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ అలాంటి ఇంజిన్లకు చోటు లేకుండా పోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చాక దాదాపు అన్ని బైకుల్లోనూ కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) వచ్చాయి. ట్యాంకు మీద అక్షరాలు అవే, లోపలి యంత్రం మాత్రం వేరు.

చెడ్డపేరు సంగతీ అంతే. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నిలిపిన చోట ఆయిల్ చుక్క పడాల్సిందేనని ఇప్పటికీ అంటుంటారు. పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్‌లో ఇంజిన్, గేర్‌బాక్సు విడివిడిగా ఉండేవి. అతుకులు ఎక్కువ కాబట్టి కారడానికి దారులూ ఎక్కువే. 2008-09 నుంచి రెండూ ఒకే కేసింగ్‌లో ఉండే ఇంజిన్లు వచ్చాయి. 2020లో మీటియోర్ 350తో మరో కొత్త ఇంజిన్ వచ్చింది. నింద మాత్రం పాత ఇంజిన్ నుంచి కొత్తదానికి వారసత్వంగా వచ్చేసింది.

మన్నిక అన్నది మోడల్‌ను బట్టి, తయారైన ఏడాదిని బట్టి, ఒక్కోసారి నెలను బట్టి కూడా మారుతుంది. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బండ్లను వెనక్కి పిలిచింది. 2020 డిసెంబరు నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైన కొన్ని క్లాసిక్, బుల్లెట్, మీటియోర్ బండ్ల ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం ఉండొచ్చన్నది కారణం. అంటే ఒకే షోరూంలో, ఒకే పేరుతో, కొద్ది నెలల తేడాలో కొన్న ఇద్దరి అనుభవాలు వేరు కావొచ్చు. బావమరిది బండి బాగుంది కాబట్టి మన బండీ బాగుంటుందన్న లెక్క ఇక్కడే తప్పుతుంది.

అభిమానం వేరు, మన్నిక వేరు అనడానికి అమెరికా నుంచి గట్టి రుజువు ఉంది. కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 11 వేల మందికి పైగా యజమానులను అడిగి 2015లో ఫలితాలు ప్రకటించింది. నాలుగేళ్ల బండ్లలో మరమ్మతుకొచ్చే రేటు యమహాకు 11 శాతం, హార్లే డేవిడ్‌సన్‌కు 26 శాతం, బీఎండబ్ల్యూకు 40 శాతంగా తేలింది. అయినా హార్లే యజమానుల్లో 72 శాతం మంది మళ్లీ అదే కొంటామన్నారు. కాబట్టి ఎవరైనా తన బండిని ఆకాశానికెత్తుతుంటే ‘ఇప్పటిదాకా ఏమేం మార్పించావన్నా?’ అని అడగండి. పనికొచ్చే సమాచారం ఆ జవాబులో ఉంటుంది.

అపోహ: రీకాల్ అయిందంటే అది చెత్త బండి

రీకాల్ అంటే లోపాన్ని కంపెనీ ఒప్పుకొని, ఉచితంగా సరిచేసి ఇవ్వడం. అందరిముందూ తప్పు దిద్దుకున్న కంపెనీని వేలెత్తి చూపి, గుట్టుగా సర్దుకుపోయిన కంపెనీని మెచ్చుకోవడం న్యాయం కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్రానికి దక్కింది. అది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రీకాల్ వార్త కనబడితే ఛాసిస్ నంబరు చెప్పి మీ బండి ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు తప్పకుండా చూసుకోవాలి. కంపెనీ కబురు పాత యజమాని ఫోనుకే వెళ్లి ఉంటుంది.

అపోహ: షోరూంలో సర్వీసు చేయిస్తే ఇక బెంగ అక్కర్లేదు

ఈ నమ్మకమే జనాన్ని ఎక్కువగా ముంచుతోంది. గుమ్మం మీద బోర్డు కంపెనీదే అయినా లోపల వ్యాపారం చాలాచోట్ల డీలర్‌దే. అందుకే ఒకే ఊళ్లో, ఒకే కంపెనీకి చెందిన రెండు సర్వీసు సెంటర్లలో పనితనం పూర్తిగా వేరుగా ఉంటుంది.

కౌంటర్ దగ్గర జరిగేది గమనించండి. ‘యాభై దాటాక ముందు బ్రేకు పట్టుకుంటే హ్యాండిల్ వణుకుతోంది బాబూ’ అని యజమాని చెబుతాడు. ‘చూస్తాం సార్’ అంటూ అడ్వైజర్ జాబ్ కార్డు మీద ‘బ్రేక్ చెక్’ అని రాస్తాడు. లోపలున్న మెకానిక్‌కు యజమాని కనబడడు, ఆయన మాటా వినబడడు. అతనికి అందేది ఆ రెండు ముక్కలే. బండిని స్టాండు మీద నిలిపి లివర్ నొక్కి చూస్తాడు. బ్రేకు పడుతోంది కాబట్టి టిక్కు పెడతాడు. కానీ ఆ వణుకు బండి నడిపితే తప్ప తెలియదు. డిస్కు వంగిందా, హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు (కోన్ సెట్టు) వదులైందా అని చూసే అవకాశమే రాలేదు. సాయంత్రానికి బండి తళతళలాడుతూ బయటికొస్తుంది, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. ఇందులో మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కేటప్పుడే సగం మాయమైంది.

అందుకని ఏ వేగంలో, ఏ గేర్‌లో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది మీ మాటల్లోనే జాబ్ కార్డు మీద రాయించండి. రాసింది చదివాకే సంతకం పెట్టండి. వీలైతే మెకానిక్‌ను వెనక కూర్చోబెట్టుకుని ఒక రౌండు వేయించండి. మార్చిన పాత పార్టులు చూపించమని బండి ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇది వాళ్లను అనుమానించడం కాదు, డబ్బు కట్టేవాడు అడగాల్సిన మాటే.

బిల్లులో ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ అడిటివ్, టెఫ్లాన్ కోటింగ్ లాంటివి కనిపిస్తే ఓనర్స్ మాన్యువల్ తీయండి. ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలో, ఏం చూడాలో అందులో పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో లేని పనిని వద్దనడానికి మొహమాటం అక్కర్లేదు.

కొనేముందు షోరూం ఏసీ గదిలో కూర్చుంటే చాలదు, వెనక ఉన్న వర్క్‌షాపుకూ వెళ్లాలి. క్లచ్ కేబుల్, ఇండికేటర్, హెడ్‌లైట్ స్టాకులో ఉన్నాయా, లేకపోతే ఎన్ని రోజుల్లో వస్తాయి అని అడగండి. బండ్లు అమ్ముడైనంత మాత్రాన సర్వీసు దానంతటదే వెంట రాదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు ఇచ్చినప్పుడు, ఏడాది కాలంలో జాతీయ హెల్ప్‌లైన్‌కు ఆ కంపెనీ మీద వచ్చిన ఫిర్యాదులు 10,644. వాటిలో 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. ఏదేమైనా బండి వర్క్‌షాపులో వారాల తరబడి నిలిచిపోతే, రోజూ దాని మీదే పనికెళ్లే మనిషికి ఆ వారాల కూలి తిరిగి రాదు.

అపోహ: ఫ్రీ సర్వీసు అంటే పైసా కట్టక్కర్లేదు

ఫ్రీ అన్నది సాధారణంగా లేబర్ వరకే. ఆయిల్, ఫిల్టర్, గాస్కెట్ లాంటివాటికి డబ్బు కట్టాలి. అలాగని మొదటి సర్వీసు ఎగ్గొట్టకండి. కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకునేటప్పుడు రాలే లోహపు పొడి ఆ మొదటి ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది, దాన్ని మార్చేది మొదటి సర్వీసులోనే.

అపోహ: బయటి మెకానిక్ చెయ్యి పడితే వారంటీ పోయినట్టే

ఇందులో సగం నిజం ఉంది. వారంటీ పుస్తకంలో రాసిన సర్వీసులు గడువులోపల అధీకృత కేంద్రంలో చేయించకపోతే క్లెయిమ్‌కు అడ్డు చెబుతారు. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆ గడువులు తప్పవద్దు. కానీ పంచర్ వేయించినా, చైను బిగించినా, బల్బు మార్చినా మొత్తం వారంటీ రద్దయిపోతుందని బెదిరిస్తే నమ్మకండి. ఏ షరతు ప్రకారం అంటున్నారో పుస్తకంలో చూపించమనండి. 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కాంపిటీషన్ కమిషన్ దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు బయటి మార్కెట్లో దొరక్కుండా చేయడాన్ని తప్పుపట్టింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ చెప్పింది. ఆ తీర్పు కార్లకు సంబంధించింది, దాని మీద అప్పీళ్లూ నడిచాయి. అయినా అందులోని న్యాయం బైకు యజమానికీ అర్థమయ్యేదే.

వారంటీ అయిపోయాక సందు చివరి మెకానిక్ దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. చేతి పనిలో షోరూం కుర్రాళ్లకు పాఠం చెప్పగలవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. అయితే బీఎస్-6 బండిలో ఇంజిన్ లైటు వెలిగితే, లోపం చదివే స్కానర్ ఉన్నచోటికే తీసుకెళ్లండి. ఊహ మీద సెన్సార్లు మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది.

అపోహ: టాపెట్ శబ్దం లేకపోతే ఇంజిన్ బాగున్నట్టు

‘సౌండొస్తోందన్నా, టైట్ చెయ్యి’ అని అడిగి మరీ చేయించుకునేవాళ్లు చాలామంది. వాల్వును నొక్కే టాపెట్ దగ్గర వెంట్రుకవాసి సందు ఉండాలి. ఇంజిన్ వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది, ఆ సందు ఉన్నది అందుకే. దాన్ని మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట సెగ తగిలి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. కొద్దిగా టిక్ టిక్ అనే ఇంజినే క్షేమం. ఫీలర్ గేజ్ పెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు సరిచేయడమే పద్ధతి.

ఆయిల్ విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతోంది. ఖరీదైనదని కారు ఆయిల్ పోయించేవాళ్లున్నారు. గేర్ల బైకుల్లో ఎక్కువ వాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. జారుడు పెంచే రసాయనాలున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్ పూసిన కాగితం రకమైతే గాలి కొట్టి మళ్లీ బిగించడం దండగ, కొత్తది వేయించాల్సిందే.

అపోహ: కంపెనీతో కొట్లాడి మనం గెలవలేం

గెలవడానికి చట్టం దారి వేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. లోపమున్న వస్తువుకు, సేవా లోపానికి తయారీదారు, అమ్మినవాడు, సర్వీసు చేసినవాడు ముగ్గురిలో ఎవరి బాధ్యత ఎంతో అందులో ఉంది. ‘కంపెనీని అడగండి’ అని డీలర్, ‘డీలర్‌ను అడగండి’ అని కంపెనీ మిమ్మల్ని తిప్పుతుంటే ఇద్దరి మీదా ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడో చెన్నైలోనో పుణెలోనో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

దానికన్నా ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడైనా, కమిషన్ ముందైనా మొదట అడిగేది కాగితాలే. ‘నాలుగుసార్లు తిప్పించుకున్నారండీ’ అంటే చాలదు, ఆ నాలుగు జాబ్ కార్డులూ చూపించాలి. కాబట్టి ఈసారి బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు జాబ్ కార్డుకు, బిల్లుకు, మీటర్ రీడింగుకు అక్కడే ఫొటోలు తీసి ఫోన్‌లో భద్రపరచుకోండి.