పెట్రోలుయొక్క ఓర్పు

అధికమూల్యమిచ్చి కొన్న పెట్రోలువలన బండికి బలము హెచ్చునని బెజవాడలో పెక్కుర తలంపు. ఆక్టేన్ సంఖ్య బలమునకు గుఱుతు కాదు, ఓర్పునకు గుఱుతు.

ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి నొక్కబడును. పిమ్మట నిప్పురవ్వ రగిల్చిన మంట క్రమముగా వ్యాపింపవలెను. ఆ మంట చేరకమున్నే మిగిలినది తనంతట భగ్గుమన్నచో ఇంజను టకటక కొట్టుకొని చెడును. ఆక్టేన్ హెచ్చినకొలది పెట్రోలు అట్లు తొందరపడదు. మిక్కిలి గట్టిగా నొక్కెడు పందెపుకార్లకు అది యావశ్యకము. సామాన్యపు బండికి తయారుచేసినవారు చెప్పిన సంఖ్య చాలును.

ఈ ఓర్పుకొఱకై పెట్రోలున సీసపు ద్రవ్యమును కలుపుట 1921లో అమెరికాయందు కనుగొనబడెను. సీసపుపొగ పసిపిల్లల బుద్ధికి హానికరము. 2000లో మన దేశమున ఆ పెట్రోలు మానిపింపబడెను. ఉయ్యూరు చెఱకు మీరెఱుగుదురు. అట్టి చెఱకుమడ్డినుండియు, ధాన్యమునుండియు తీయు ఇథనాల్ నేడు పెట్రోలున కలియుచున్నది. 2025లో అది నూటికి 20 పాళ్లకు చేరినది. దాని ఆక్టేన్ 100కు మించును. కాని అది పెట్రోలంత వేడి నీయదు, నీటిని పీల్చును. కావున ఈ డెల్టా తేమలో పెట్రోలును డబ్బాలలో చిరకాలము నిలువయుంచరాదు.

బండితో నిచ్చిన పుస్తకమును మనుమలచే చదివించి, అందున్న సంఖ్యనే పాటింపుడు. అంతకు మించిన వెల వ్యర్థము.