ఎయిర్ కూలర్‌లోనూ నీళ్లే!

"కొత్త కంప్యూటర్ బిగించుకుంటున్నాను. షాపాయన లిక్విడ్ కూలింగ్ పెట్టించుకోమంటున్నాడు. ఎయిర్ కూలర్ చాలదా?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఎయిర్ కూలర్‌లోనూ నీళ్లుంటాయన్న సంగతి చెప్పకుండా ఈ ప్రశ్నను వదలబుద్ధి కావడం లేదు.

ప్రాసెసర్ తినే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. దాన్ని పలచటి లోహపు రెక్కల దాకా చేరిస్తే ఫ్యాను గదిలోకి ఊదేస్తుంది. తేడా అంతా చేర్చే పద్ధతిలోనే. లిక్విడ్ కూలర్‌లో చిన్న పంపు ప్రాసెసర్‌కీ రేడియేటర్‌కీ మధ్య నీటిని తిప్పుతుంది.

ఎయిర్ కూలర్‌లో పంపు లేదు, రాగి గొట్టాలున్నాయి. వాటి పేరు హీట్ పైపులు. రాగి మంచి ఉష్ణవాహకం కదా, అందుకే పెట్టారనుకుంటారు చాలామంది. అసలు కిటుకు రాగిలో లేదు. గొట్టంలోంచి గాలి తోడేసి, కాసిని నీటిచుక్కలు వదిలి, రెండు చివరలూ మూసేస్తారు. లోపల పీడనం వాతావరణ పీడనంలో పద్నాలుగో వంతుంటే నీరు 40 డిగ్రీలకే మరుగుతుంది! ప్రాసెసర్ దగ్గర పుట్టిన ఆవిరి రెక్కల వైపు పరుగెత్తి, తెచ్చిన వేడిని అక్కడ వదిలేసి మళ్లీ నీరవుతుంది. మరి తిరుగు ప్రయాణం? గొట్టం లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికిస్తారు. దీపపు వత్తి నూనెను లాగినట్టు, ఆ పొడి సందులు నీటిని వేడి చివరకు లాక్కెళతాయి.

గ్రాము నీటిని 30 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కించడానికి 42 జౌళ్లు చాలు. ఆ 40 డిగ్రీల దగ్గర అదే గ్రాము ఆవిరి కావాలంటే 2,400 జౌళ్లు కావాలి. కాబట్టి 100 వాట్ల వేడిని తరలించడానికి నిమిషానికి రెండున్నర గ్రాముల నీరు ఆవిరైతే సరి. ఉన్న చుక్కలే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి.

1942లోనే జనరల్ మోటార్స్ ఇంజినీరు రిచర్డ్ గాగ్లర్ రిఫ్రిజిరేటర్ల కోసం ఈ ఉపాయానికి పేటెంటు అడిగారు. 1944లో వచ్చింది. కంపెనీ మాత్రం దాన్ని అటకెక్కించింది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ మళ్లీ కనిపెట్టేదాకా ఎవరికీ పట్టలేదు. ఆయన దృష్టి అంతరిక్షం మీద. బరువు తెలియని చోట కూడా ఆ సన్నటి సందులు నీటిని లాగడం మానవు మరి.

హీట్ పైపుకూ హద్దుంది. వేడి మరీ ఎక్కువైతే నీరు వెనక్కి చేరేలోపే ఆ సందులు ఎండిపోతాయి. అందుకే పెద్ద కూలర్లలో ఆరేడు గొట్టాలుంటాయి. 200 వాట్లు దాటిన ప్రాసెసర్‌తో గంటల తరబడి వీడియోలు రెండర్ చేసేవాళ్లకు లిక్విడ్ కూలరే మేలు. అక్కడ కూడా గొప్ప నీటిది కాదు, పెద్ద రేడియేటర్‌ది. పైగా పంపు అరుగుతుంది, నీరు ఏళ్ల మీద రబ్బరు గొట్టాల గోడల గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. మే నెలలో రెంటచింతలలో మీ గది 40 డిగ్రీలుంటే, ఈ రెండింటిలో ఏదీ ప్రాసెసర్‌ను 40 కిందికి దించలేదు.

ఆటలకీ, చదువుకీ అయితే నాలుగు హీట్ పైపుల ఎయిర్ కూలర్ కొనండి. షాపాయన చూపించే రంగురంగుల లైట్లు ఒక్క డిగ్రీ కూడా తగ్గించవు. రెక్కల మధ్య దుమ్ము మాత్రం అప్పుడప్పుడూ దులుపుతుండండి.