ఖరగ్‌పూర్‌లో ఒక పాత ల్యాప్‌టాప్‌కు ఓవర్‌హాలింగ్

యంత్రాలతో జీవితం గడిపేవారికి ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. పాతబడిన యంత్రాన్ని తీసివేయాలా, లేక బాగుచేసి తిరిగి పనిలో పెట్టాలా? కర్మాగారంలో ఉన్నంతసేపు మనం లెక్కలు వేసి, పరీక్షలు జరిపి గాని ఈ ప్రశ్నకు సమాధానం చెప్పము. ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆలోచించకుండానే మొదటి మార్గం వైపు మొగ్గుతాము. గత సంక్రాంతి సెలవులలో ఖరగ్‌పూర్‌లో కలిగిన ఒక అనుభవం మా ఈ అలవాటును మార్చివేసింది. దానిని సహోద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు వినిపించే రైల్వే పట్నం

విశాఖపట్నం నుంచి హౌరా వెళ్ళే ప్రయాణికులకు ఖరగ్‌పూర్ పేరు కొత్తది కాదు. ఇక్కడి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి స్టేషన్లు దానిని మించిపోయాయి. అయితే ఈ ఊరి అసలు ప్రతిష్ఠ ప్లాట్‌ఫారంలో లేదు, రైల్వే వర్క్‌షాపులో ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి నేటి ఆగ్నేయ రైల్వే వరకు, ఇంజన్లు, ప్రయాణికుల పెట్టెలు, వ్యాగన్లు ఇక్కడికి వచ్చి, విడిభాగాలుగా విడిపోయి, మళ్ళీ ఒక్కటై పట్టాలెక్కుతున్నాయి.

1902లో ఈస్టు కోస్టు రైల్వే ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. ఆ దారివెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పనికోసం ఇక్కడికి చేరాయి. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి గారు తరువాత రాష్ట్రపతి అయ్యారు. నేటికీ రైల్వే క్వార్టర్ల వీధులలో నడిస్తే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. మా చెల్లెలి కాపురం అటువంటి ఒక క్వార్టరులోనే. బావగారు వర్క్‌షాపులో పెట్టెలు బాగుచేసే విభాగంలో పనిచేస్తున్నారు. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర గడువున్నది.

ఖాళీ డిస్కు

మా మేనకోడలు కంప్యూటరు డిప్లొమా రెండవ సంవత్సరం చదువుతున్నది. కొల్‌కతాలో ఉద్యోగం చేసే ఒక బంధువు తన పాత ల్యాప్‌టాప్‌ను ఆమెకు ఇచ్చారు. ఇచ్చేముందు, తన సొంత కాగితాలు ఇతరుల చేతికి పోరాదనే జాగ్రత్తతో హార్డ్ డిస్కును పూర్తిగా తుడిచివేశారు. అది సరైన పనే. కాని స్విచ్చి వేస్తే నల్లని తెరమీద "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అనే ఒక్క వాక్యం తప్ప మరేమీ రాదు.

బజారులో ఒక దుకాణదారు దానిని చూసి రెండు సలహాలు ఇచ్చాడట. ఒకటి, లైసెన్సు లేని విండోస్ కాపీ వేయించుకోవడం. రెండు, పాత సామాను కింద తూకానికి అమ్మి కొత్తది కొనడం. అమ్మాయికి ఫిబ్రవరిలో సీ భాష ప్రాక్టికల్ పరీక్ష. అంతవరకు స్నేహితురాలి ల్యాప్‌టాప్ ఖాళీ అయ్యే వేళకోసం ఎదురుచూస్తూ అభ్యాసం సాగిస్తున్నది.

విషయం వినగానే కొత్తది మేము కొనిపెడతామని అన్నాము. బావగారు మొహమాటంగా నవ్వి ఊరుకున్నారు. తీసుకోవడం ఆయనకు ఇష్టం లేదని ఆ నవ్వే చెప్పింది. కాసేపటికి ఇలా అన్నారు: "మా షాపుకు పెట్టె వస్తే ముందు విప్పి చూస్తాం బావగారూ. చూడకుండా పనికిరాదని ఎవరం రాయం."

ఆ మాట మాకు సూటిగా తగిలింది. చేతిలో ఇంజనీరింగు పట్టా ఉన్నది, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నది. కాని కంప్యూటరు మొరాయిస్తే సంబంధిత విభాగానికి ఫోను చేయడమే తప్ప, ఏనాడూ లోపల ఏమి జరుగుతున్నదో విచారించలేదు. సెలవు ఇంకా నాలుగు రోజులున్నది. మేనకోడలిని పిలిచి, "మనమే చూద్దాం" అన్నాము.

యంత్రం ఏమి అడుగుతున్నది?

ముందుగా ఆ నల్లని తెర అర్థం తెలుసుకోవాలి. కంప్యూటరుకు విద్యుత్తు అందగానే బోర్డుమీద చిప్పులో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాం మేలుకొంటుంది. జ్ఞాపకశక్తిని, కీబోర్డును, డిస్కును పరీక్షిస్తుంది. ఆపైన డిస్కు మొదటి సెక్టారును, అనగా మొదటి 512 బైట్లను చదువుతుంది. తరువాత ఏమి చేయాలో చెప్పే ఆదేశాలు అక్కడ ఉండాలి. మా ల్యాప్‌టాప్ డిస్కులో అవి లేవు. సిగ్నలు పడింది, పాయింట్లు సరిగా ఉన్నాయి, లైనుమీద బండి మాత్రం లేదు. అంటే యంత్రం చెడిపోలేదు, పనికోసం ఎదురుచూస్తున్నది.

బయోస్ తెరలో చూడగా 64 బిట్ల రెండు కోర్ల ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 320 జీబీ డిస్కు ఉన్నట్లు తేలింది. విండోస్ 11 దానిమీద అధికారికంగా నడవదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇక న్యాయంగాను, ఖర్చు లేకుండాను మిగిలిన దారి లినక్స్.

లినక్స్ ఎందుకు?

1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, తన సొంత పీసీ కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెవంటి కెర్నెల్‌ను రాయడం మొదలుపెట్టాడు. అప్పటికే 1983 నుంచి రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ప్రాజెక్టు మిగిలిన ఉపకరణాలను సిద్ధం చేస్తూ ఉన్నది. ఈ రెండూ కలిసి, ఎవరైనా వాడుకొని, లోపల చూసి, మార్చుకొని, ఇతరులకు ఇవ్వగలిగిన వ్యవస్థగా రూపొందాయి. నేడు మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచపు 500 అగ్రశ్రేణి సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ పైనే నడుస్తున్నాయి.

చెల్లెలి ఇంటికి కొద్ది దూరంలోనే, 1951లో నెలకొన్న ఐఐటీ ఖరగ్‌పూర్ ఉన్నది. అక్కడ 2022 మార్చిలో ప్రారంభమైన పరమ్ శక్తి సూపర్ కంప్యూటరు సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్స్. అదికూడా లినక్స్ కుటుంబానిదే. ఈ సంగతి చెప్పగానే మేనకోడలి ముఖం వికసించింది. తనకు మిగిలినది పేదవారి మందు అనుకున్నదట. పెద్ద యంత్రమూ, తన పాత యంత్రమూ ఒకే భాష మాట్లాడతాయని తెలిసి ఉత్సాహం పుంజుకున్నది.

లినక్స్‌ను పలు సంస్థలు పలు కూర్పులుగా అందిస్తున్నాయి. మేము 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్న డెబియన్‌ను, దానితోపాటు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌ను ఎంచుకున్నాము. ఇక్కడ ఒక హెచ్చరిక. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13కు 32 బిట్ల పాత పీసీలకోసం ఇన్‌స్టాలర్ లేదు. కాబట్టి ప్రాసెసర్ ఏ రకమో ముందే చూసుకోవాలి.

మొదటిరోజు వైఫల్యం

స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో డెబియన్ ఫైలును దింపుకొని, సినిమాను కాపీ చేసినట్లు దానిని పెన్‌డ్రైవులోకి కాపీ చేశాము. పాత ల్యాప్‌టాప్‌కు పెడితే మళ్ళీ అదే నల్లని వాక్యం. మూడుసార్లు ప్రయత్నించి, పెన్‌డ్రైవు చెడిపోయిందని మేము తీర్పు కూడా చెప్పాము.

రాత్రి పొద్దుపోయాక మేనకోడలు సూచనల పుస్తకం చదువుతూ, "మావయ్యా, ఇది కాపీ చేసేది కాదట. ఇమేజిగా రాయాలట" అన్నది. ఆమె చెప్పినది నిజం. ఆ ఫైలు ఒక మొత్తం డిస్కుకు అచ్చు. మొదటి సెక్టారుతో సహా యథాతథంగా పెన్‌డ్రైవు మీద ముద్రించాలి. అందుకు రూఫస్, ఎచర్ వంటి ఉచిత ప్రోగ్రాంలు ఉన్నాయి. సూచనలు చదవకుండా బోల్టు విప్పరాదని కొత్తగా చేరినవారికి మేమే బోధిస్తూ ఉంటాము. ఆ పాఠం ఆనాడు మాకే అవసరమైంది.

రెండవరోజు

ఈసారి దింపుకొన్న ఫైలు చెక్‌సమ్ సరిపోల్చి, ఇమేజిగా రాసి, బయోస్‌లో పెన్‌డ్రైవును మొదటి స్థానంలో పెట్టాము. ప్లగ్గు తీసి మరలా పెట్టేసరికి ఆ మార్పు పోయింది. తేదీ కూడా 2010 అని చూపుతున్నది. బోర్డుమీది నాణెమంత సెల్లు అయిపోయిందన్నమాట. కొత్త సెల్లు వేశాము. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకులు మొదలైన సురక్షిత వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. అందువలన ఇది చిన్న మరమ్మత్తని అలక్ష్యం చేయరాదు.

పెన్‌డ్రైవు నుంచి డెబియన్ నడిచింది. డిస్కు జోలికి పోకుండానే తెర, కీబోర్డు, స్పీకరు పరీక్షించుకునే సౌకర్యం ఇందులో ఉన్నది. ఇన్‌స్టాల్ అనే గుర్తు మీద మేము నొక్కబోగా బావగారు ఆపారు. "ఇరుసును అల్ట్రాసోనిక్ పరీక్ష చేయకుండా మేం బిగించం. డిస్కు బాగున్నదని ఎలా తెలుసు?" అని అడిగారు. మాకు తట్టని ప్రశ్న అది. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ఉన్నది. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య, చెడిపోబోతున్న సెక్టార్ల సంఖ్య అందులో తెలుస్తాయి. మా డిస్కులో రెండూ సున్నా.

అప్పుడు మేనకోడలే ఇన్‌స్టాల్ మొదలుపెట్టింది. ఖాళీ డిస్కు కనుక భాగాలు చేసే పనిలో భయపడవలసిందేమీ లేదు. ర్యామ్ తక్కువ కనుక 4 జీబీ స్వాప్‌కు కేటాయించి, మిగిలినది సిస్టమ్‌కు, ఫైళ్ళకు ఉంచింది. చివరగా గ్రబ్ అనే బూట్‌లోడరు ఆ మొదటి సెక్టారులో చేరింది. ముప్పావు గంటలో పని ముగిసింది. పెన్‌డ్రైవు తీసి, స్విచ్చి వేసి, అందరమూ ఊపిరి బిగబట్టి నిలుచున్నాము. ఈసారి నల్లని వాక్యం రాలేదు. పేరు, సంకేతపదం అడిగే తెర వచ్చింది.

ఒక్క వై-ఫై మాత్రం పనిచేయలేదు. ఆ చిప్పుకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను విడిగా ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, దాని ఇంటర్నెట్ వాడుకొని ఆ లోటు కూడా తీర్చాము.

అమ్మ రాసిన అక్షరాలు

సీ ప్రోగ్రాంలకు కావలసిన జీసీసీ కంపైలరు ఉచితంగా చేరింది. అమ్మాయి రాసిన మొదటి ప్రోగ్రాం నడిచాక, తెలుగు కీబోర్డును కూడా ఏర్పాటు చేశాము. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి అందుతాయి. తెలుగు లిపికి లోహిత్ వంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు ఎంతో శ్రమించారు.

ఖరగ్‌పూర్ పిల్లలకు ఇంటిలో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు. మా మేనకోడలు తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని రాయడం అంతంతమాత్రం. ఆ రాత్రి మా చెల్లెలు ఒక్కొక్క మీటా వెదుక్కుంటూ కూతురి పేరు తెలుగులో టైపు చేసింది. అమ్మాయి దానిని చూసి, తరువాత తన తండ్రి పేరు తానే రాసింది.

పాఠకులకు కొన్ని సూచనలు

మన ఇళ్ళలోను ఇటువంటి ల్యాప్‌టాపులు అటకమీద ఉండవచ్చు. ప్రయత్నించదలచినవారు ఈ విషయాలు గమనించగలరు.

1. డిస్కు ఖాళీగా లేనట్లయితే ముందుగా ఫోటోలు, పత్రాలు వేరేచోట భద్రపరచాలి. ఇన్‌స్టాల్ చేస్తే అవి చెరిగిపోవచ్చు. పెన్‌డ్రైవులో ఉన్నదీ చెరిగిపోతుంది. 8 జీబీ పెన్‌డ్రైవు సరిపోతుంది.

2. పెన్‌డ్రైవు నుంచి నడిపి చూసిన తరువాతే డిస్కుపై వేయాలి.

3. డిస్కు పరీక్షలో దోషం కనిపిస్తే దానిని నమ్మరాదు. చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే యంత్రం వేగం కూడా బాగా పెరుగుతుంది.

4. లినక్స్ మంత్రదండం కాదు. 2 జీబీ ర్యామ్‌తో ఒకేసారి పది వెబ్ పేజీలు తెరిస్తే మందగిస్తుంది. విండోస్ కోసమే తయారైన కొన్ని ప్రోగ్రాంలు, పరికరాలు దీనిపై పనిచేయవు. మీ అవసరం ఏమిటో ముందే విచారించుకోవాలి.

5. అన్నిటికంటె ముఖ్యం, ఆ పనిని పిల్లల చేత చేయించండి. పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం వారి చేతిలో ఉండనివ్వండి.

వర్క్‌షాపులో ఓవర్‌హాలింగ్ పూర్తయిన పెట్టెమీద ఆ తేదీని, మరల రావలసిన తేదీని రాసి పంపుతారు. మేము బయలుదేరే రోజు ఉదయం ల్యాప్‌టాప్ అడుగున ఒక చిన్న కాగితం అంటించి ఉండడం చూశాము. దానిమీద ఇన్‌స్టాల్ చేసిన తేదీ, దాని కింద ఏడాది తరువాతి తేదీ, బావగారి చేతివ్రాతలో ఉన్నాయి. చేసినవారు అన్నచోట మేనకోడలి సంతకం ఉన్నది, తెలుగులో.

ఫిబ్రవరిలో పరీక్ష బాగా రాశానని ఫోను చేసింది. వీధిలో మరొక ఇంటివారు తమ పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చారని, దానిని మావయ్య సహాయం లేకుండానే బాగుచేశానని కూడా చెప్పింది. కొత్తది కొనిచ్చి ఉంటే ఈ రెండవ వార్త మేము వినేవారము కాము.