బంగారం కొండకి మా పాత లారీ!

'మెకన్నాస్ గోల్డ్' చూశారా? మీరు చూడకపోయినా, ఆ ఎత్తైన రాతిస్తంభం, దాని నీడ సాగి సాగి బంగారు లోయకి దారి చూపించే సీను... వీటి గురించి మీ నాన్నగారో బాబాయిగారో చెప్పగా వినే ఉంటారు. 1969లో వచ్చిన ఆ హాలీవుడ్ చిత్రం మన దేశంలో ఎంత ఆడిందో వేరే చెప్పక్కర్లేదు. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ దుమ్ము రేపుకుంటూ గుర్రాల మీద పోతుంటే హాల్లో ఒకటే ఈలలు! 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణగారు 'మోసగాళ్లకు మోసగాడు'తో మనకీ కౌబాయ్‌ని చూపించేశారనుకోండి.

ఆ రెండు చిత్రాల్నీ బెజవాడలో ఒక హాల్లో మిషన్ దగ్గర నిలబడి ఆడించిన ఆపరేటర్ మా నాన్న! అంతకుముందు కృష్ణాజిల్లా పల్లెల్లో టూరింగ్ టాకీస్‌తో తిరిగిన మనిషి. నేనేమో అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉద్యోగం వెలగబెడుతున్నాను. నాన్న నవంబర్లో మా ఇంటికొచ్చారు. ఆర్నెల్లే గడువు. వచ్చిన వారానికి, మా షెడ్డులో ఉన్న 1954 మోడల్ షెవ్రొలే పికప్ ట్రక్కు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఒరే, ఆ మెకన్నా కొండ ఇక్కడికి ఎంత దూరం?" అనడిగారు.

"సుమారు అయిదొందల కిలోమీటర్లు."

"ఈ లారీలో పోదాం. హోటళ్లూ గీటళ్లూ వద్దు. టూరింగ్‌లో ఉన్నప్పుడు మేం లారీలోనే పడుకునేవాళ్లం."

ఊహ తెలిశాక నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరేననేశాను!

బరువే విలన్!

నాది ఒకటే షరతు. డెబ్భై ఏళ్లు నడిచిన బండికి ఒక్క కన్నం కూడా పెట్టకూడదు. వెనక తొట్టిలో కూర్చోబెట్టి, పనయ్యాక ఎత్తి దింపేసే చెక్కగది కావాలి. దీన్ని ఇక్కడ 'క్యాంపర్' అంటారు. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇలాంటి గది ఉన్న ట్రక్కులోనే చార్లీ అనే తన కుక్కని ఎక్కించుకుని దేశం చుట్టొచ్చాడు. ఆ బండిని ఇప్పటికీ కాలిఫోర్నియాలోని శాలినాస్ పట్నంలో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో చూడొచ్చు.

మా తొట్టి ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల పైచిలుకు వెడల్పు. అంత చోటులో నేను మహల్ కట్టబోయాను! ముప్పావంగుళం ప్లైవుడ్ గోడలు, బీరువా, సింకు, డెబ్భయ్యారు లీటర్ల నీళ్ల ట్యాంకు. శని, ఆదివారాలన్నీ అక్కడే. రెండు నెలలు పట్టింది. జనవరిలో బండెక్కించి కాటా వేయిస్తే ఏమైందనుకున్నారు? ట్యాంకులో చుక్క నీరు పోయకుండానే గది బరువు 410 కిలోలు! మా బండి హాఫ్‌టన్ రకం. నీళ్లు నింపితే ఇంకో 76 కిలోలు. ఆపైన మేమిద్దరం, పడకలు, తిండి. వెనక స్ప్రింగులు అప్పటికే అణిగిపోయాయి. ముందు చక్రాలు తేలిక పడి, స్టీరింగ్ చేతిలో ఊగిసలాడుతోంది. పాతకాలం డ్రమ్ముబ్రేకులు సరేసరి!

నాన్న ఒక్కటే మాటన్నారు. "నువ్వు ఇల్లు కట్టావురా. బండికి కావలసింది డేరా."

ఒళ్లు మండిపోయింది! రెండు నెలల కష్టం మరి. రెండ్రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే షెడ్డులో చప్పుడైతే వెళ్లి చూశాను. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి స్టూలు మీద కూర్చుని, నేను బిగించిన స్క్రూలు ఒక్కొక్కటే విప్పి డబ్బాలో వేస్తున్నారు. "పారెయ్యకు, మళ్లీ పనికొస్తాయి" అన్నారు. నేనూ స్క్రూడ్రైవర్ తీసుకుని పక్కన కూర్చున్నాను.

టూరింగ్ టాకీస్ ఫార్ములా

ఇక అక్కణ్ణుంచి డైరెక్షన్ అంతా నాన్నదే! ఒకటిన్నర అంగుళం పైన్ చెక్కతో చట్రం, దానికి పావంగుళం ప్లైవుడ్. వాన తగలకుండా పైన రేకు వేద్దామంటే, "బరువు" అన్నారు. ప్లైవుడ్ మీద కాన్వాసు గుడ్డ జిగురుతో అతికించి, బయటి గోడలకేసే రంగు మూడు పూతలు వేశాం. స్టూడియో సెట్లలో చెక్క చట్రానికి గుడ్డ బిగించి రంగేస్తే గోడైపోతుంది చూశారూ, ఇంచుమించు అలాగే! గోడలు సగం ఎత్తే. ఆ పై సగం కాన్వాసు. బండి ఆగాక కప్పు పైకి లేపితే నిలబడొచ్చు, కదిలేటప్పుడు మడిస్తే గాలికి అడ్డం రాదు.

టూరింగ్ లారీలో మిషన్నీ జనరేటర్నీ క్యాబిన్‌కి ఆనించి పెట్టేవారట. డేరా గుడ్డలు చివర్న. ఇక్కడా అదే సూత్రం. నీళ్లు, బ్యాటరీ వంటి బరువులన్నీ వెనక ఇరుసుకి ముందే ఉండాలి, ఇరుసు దాటి వెనక్కి పోకూడదు. పోతే ముందు చక్రాలు తేలిపోతాయి. నీళ్లు ఇరవై లీటర్లకి కుదించాం. బండి కరెంటు ఆరు వోల్టులే కాబట్టి, గదిలో దీపాలకి వేరే బ్యాటరీ, కప్పు మీద చిన్న సోలార్ పలక. పొయ్యి మాత్రం బయటే! మూసిన గదిలో మంట పెడితే వాసనైనా లేని విషవాయువు పుడుతుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే గాలికి రెండు కిటికీలు, ఆ వాయువు పసిగట్టి మోగే అలారం ఒకటి పెట్టాం.

తొట్టి అంచుల్లో కర్రలు దింపడానికి కంపెనీ వాళ్లే వదిలిన గుంటలున్నాయి. వాటికి నాలుగు బిగింపుకొక్కేలు తగిలించి గదిని కట్టేశాం. బండికి ఒక్క మేకు దిగలేదు! ఏప్రిల్లో మళ్లీ కాటా వేయిస్తే గది 185 కిలోలు. నాన్న చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

క్లైమాక్స్!

పేసన్ ఊరి ఘాట్‌లో ఇంజను కుతకుతలాడింది. గంటకి నలభై కిలోమీటర్లు దాటితే ఒట్టు! వెనక కార్లవాళ్లు హారన్లు. రెండుచోట్ల ఆగి, ఇంజను చల్లారేదాకా కూర్చుని, రేడియేటర్లో నీళ్లు పోశాం. రాత్రి పేసన్ దాటాక అడవిలో ఆగితే వాన. కప్పు కన్నం అంచునుంచి సరిగ్గా నా మొహం మీదే చుక్కలు! నాన్న మాత్రం గురకపెట్టి నిద్రపోయారు.

రెండోరోజు హోల్‌బ్రూక్ మీదుగా చిన్లే చేరాం. అక్కడిదే కెన్యన్ డి షే. నవహో జాతివారి నేల అది. లోయ మధ్య సుమారు ఎనిమిదొందల అడుగులు లేచిన జంట స్తంభం పేరు 'స్పైడర్ రాక్'. సినిమాలో కనిపించేది ఇదే. నవహోలకి మాత్రం ఇది బంగారం కొండ కాదు. వాళ్లకి మగ్గం నేర్పిన సాలెపురుగమ్మ ఉండే చోటని వాళ్ల నమ్మకం.

ఒడ్డున కమ్మీ పట్టుకుని నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రపు ఎండలో స్తంభం నీడ లోయలో సాగుతోంది.

"ఏం నాన్నా, సినిమాలో ఉన్నట్టే ఉందా?"

"ఏమోరా! నేను ఎప్పుడూ బూత్ కన్నంలోంచే కదా చూశాను. ఆ నీడ సీను వచ్చేసరికి రెండో మిషన్ కార్బన్లు సరిచూసుకోవాలి, రీలు మారే గుర్తు కోసం కాచుకోవాలి. అన్ని ఆటలాడినా ఆ సీను ఒక్కసారి కూడా పూర్తిగా చూళ్లేదు."

నీడ ఎదుటి గోడ ఎక్కి కలిసిపోయేదాకా అక్కడే కూర్చున్నాం. ఈసారి ఆయనకి మార్చాల్సిన రీలేదీ లేదు!

మే నెలలో నాన్న బెజవాడ వెళ్లిపోయారు. గదిని నాలుగు జాకీల మీద ఎత్తి, బండిని కిందనుంచి బయటికి లాగేశాను. అరగంట పని. బండి ఎప్పట్లాగే ఉంది, ఒక్క గీత లేకుండా. విప్పిన స్క్రూల డబ్బాలో ఇంకా సగం మిగిలాయి. మొన్న ఫోన్లో నాన్న అడిగారు: "ఆ కప్పు కారేది బాగుచేశావా?"

ఇంకా లేదు. ఈ ఆదివారం ఆ పనే!