మరీ తేలికైన సూత్రం

టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ శివారు. ఒక తెలుగువారింటి అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం జరిగిందనుకుందాం. రెండు కెమెరాలు, ఒక ఫోను కార్యక్రమాన్నంతా చిత్రించాయి. మర్నాడు తండ్రి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి అన్నిటినీ ఇంపోర్ట్ చేశాడు. పాత కెమెరాలో తీసినవి హాయిగా నడిచాయి. కొత్త కెమెరాలో తీసినవి ఆగి ఆగి కదిలాయి. ఫోనులో తీసినది మొదట బాగానే ఉంది కానీ, పోనుపోను మృదంగం దెబ్బకీ గజ్జెల అడుగుకీ పొంతన తప్పింది.

నాట్యం ఒకటే, వేదిక ఒకటే. తేడా అంతా దృశ్యాన్ని మూటగట్టిన తీరులో ఉంది. అలా మూటగట్టి, మళ్ళీ విప్పే పద్ధతినే కొడెక్ అంటారు. కొడెక్‌లు ఎన్ని ఉన్నా వాటిలో ఎక్కువ వాటికి ఆధారం ఒకే గణిత సూత్రం: డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. దాన్ని లోకానికి చెప్పిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి. వాటిలో ఒకటి డాలస్ పొరుగునే, ఆర్లింగ్టన్‌లో అర్ధశతాబ్దం పాఠాలు చెప్పిన కామిశెట్టి రామమోహన రావుది.

మూట ఎందుకు కట్టాలి?

హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు రాయడానికి మూడు బైట్లు కావాలి. సెకనుకి 30 ఫ్రేముల చొప్పున లెక్కేస్తే దాదాపు 18 కోట్ల 66 లక్షల బైట్లు. ఉన్నదున్నట్టు రాసుకుంటూ పోతే 64 జీబీ కార్డు ఆరు నిమిషాలలోపే నిండిపోతుంది. ప్రార్థన శ్లోకం ముగిసి మొదటి అంశం మొదలయ్యేసరికి కార్డులో చోటుండదు.

కాన్సాస్‌లో ఒక వేసవి

ఆ పత్రం మీది మరో పేరు నసీర్ అహ్మద్‌ది. ఆయన 1940లో బెంగళూరులో పుట్టారు. రామమోహన రావు మద్రాసులో ఇంజనీరింగ్ చదివారు. ఇద్దరూ అమెరికా వెళ్ళి న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలోనే, అదీ ఒకే సంవత్సరం, 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. రావు అదే ఏడు ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరారు. అహ్మద్ 1968లో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

బొమ్మలోని సమాచారాన్ని కుదించడానికి కార్హునెన్-లోవే అనే పద్ధతి అప్పటికే ఉంది. సిద్ధాంతపరంగా దాన్ని మించింది లేదు. కానీ ఏ బొమ్మకి ఆ బొమ్మకే లెక్క కొత్తగా కట్టుకోవాలి. ఆనాటి యంత్రాలకు అది మోయలేని బరువు. కొసైన్ అలలతో ఇంచుమించు అంత ఫలితాన్నీ తేలిగ్గా రాబట్టవచ్చని అహ్మద్‌కి తోచింది. 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. రాలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక సమీక్షకుడు అభిప్రాయపడినట్టు అహ్మద్ తర్వాత 1991లో రాసుకున్నారు.

ఆయన దాన్ని వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, మిత్రుడు రావుతో కలిసి 1973 వేసవి అంతా దానిమీదే గడిపారు. ఫలితాలు నమ్మశక్యం కానంత బాగా వచ్చాయి. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో నాలుగు పేజీల పత్రం కంప్యూటర్లకు సంబంధించిన ఐఈఈఈ పత్రికలో అచ్చయింది.

నోట్లు, చిల్లర

చదరంగం పలకని గుర్తుతెచ్చుకోండి. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 గళ్ళు. డీసీటీని వాడే తొలితరం కొడెక్‌లు చాలావరకు బొమ్మని అలాంటి పలకలుగా కోస్తాయి. ఒక్కో గడిలో ఒక చుక్క వెలుగు విలువ ఉంటుంది. ఆ 64 అంకెలను డీసీటీ మరో 64 అంకెలుగా మారుస్తుంది. మొదటిది పలక మొత్తంమీద సగటు వెలుగు. తర్వాతివి వరసగా మెల్లగా మారే ఛాయలు, ఆపైన చీర జరీ అంచులాంటి సన్నని వివరాలు.

ఇంతవరకూ ఏమీ పోలేదు. గల్లాపెట్టెలో కలగలిసి ఉన్న డబ్బుని నోట్లు ఒకపక్కకి, చిల్లర ఒకపక్కకి వేరుచేసినట్టు, అంతే. చాలా బొమ్మల్లో విలువంతా మొదటి కొన్ని అంకెల్లోకి చేరుతుంది, మిగిలినవి సున్నాకి దగ్గరగా ఉంటాయి. సన్నని వివరంలో చిన్న మార్పుని మన కన్ను పెద్దగా పట్టించుకోదు. అందుకే తర్వాతి మెట్టులో కొడెక్ చిల్లరని వదిలేసి రూపాయల్లో లెక్క రాసుకుంటుంది. నష్టం జరిగేది అక్కడ. ఎంత చిల్లర వదలాలన్నది కెమెరా తయారుచేసినవారి నిర్ణయం.

లోకం మీదికి

1977లో వెన్-శుంగ్ చెన్, మరిద్దరు కలిసి డీసీటీని వేగంగా లెక్కించే పద్ధతి చూపారు. దాంతో సూత్రం చిప్‌లలోకి దిగింది. 1988లో వీడియో ఫోన్ల కోసం హెచ్.261, 1992లో ఫొటోలకు జేపెగ్, ఆ వెనకే డీవీడీలకీ డిజిటల్ టీవీకీ పనికొచ్చిన ఎంపెగ్-2 ప్రమాణాలు వచ్చాయి. 1995లో వచ్చిన డీవీ టేపు సెకనుకి 25 మెగాబిట్లతో మామూలు ఇంటి కెమెరాను డిజిటల్ చేసింది. అన్నిటి లోపలా కొసైన్ అలలే.

డీవీలో ఒక సుగుణం ఉండేది: ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము విడిగా మూటగట్టి ఉంటుంది. ఎక్కడ కోసినా అతుకు సులువు. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ ఆ దారి వదిలింది. అందులోని హెచ్.264 కొడెక్ ఒక ఫ్రేముని పూర్తిగా రాసి, తర్వాతి ఫ్రేముల్లో మార్పుల్ని మాత్రమే రాస్తుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఇలాగే ఉంటుంది. పేజీ పైన పాత బాకీ, కింద రోజువారీ పద్దులు. ఇవాళ్టి బాకీ తెలియాలంటే పైనుంచి కూడుకుంటూ రావాలి. సెకనుకి 24 మెగాబిట్లలోనే హెచ్‌డీ ఇమిడింది ఈ పొదుపువల్లే. ఎడిటింగ్‌లో కంప్యూటరు తడబడేది కూడా దీనివల్లే. మధ్యలో ఒక్క ఫ్రేము చూపమంటే అది వెనక్కి వెళ్ళి పూర్తి ఫ్రేము నుంచి కూడుకుంటూ రావాలి. మన తండ్రిగారి కొత్త కెమెరా దృశ్యాలు ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే.

ఇంపోర్ట్ అంటే

అందుకే ఎడిటింగ్ కోసం వేరే కొడెక్‌లు పుట్టాయి. అవిడ్ సంస్థ 2004లో డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, ఆపిల్ 2007లో ప్రోరెస్ తెచ్చాయి. ఇవీ డీసీటీ మీదే నడుస్తాయి, కానీ డీవీలాగే ప్రతి ఫ్రేమునీ విడిగా ఉంచుతాయి. 24 మెగాబిట్ల దృశ్యం ప్రోరెస్ 422లోకి మారితే సెకనుకి దాదాపు 147 మెగాబిట్లవుతుంది. ఫైలు ఆరింతలు పెరిగిందని కంగారు పడనక్కర్లేదు. నాణ్యత పెరగలేదు. పని మాత్రం తేలికైంది. ప్రయాణానికి కుక్కిన పెట్టెని ఇంటికొచ్చాక విప్పి బట్టలు పరిచినట్టన్నమాట. డిస్కులో చోటు లేనివారు చిన్నసైజు నకళ్ళతో, అంటే ప్రాక్సీలతో, కత్తిరింపులన్నీ చేసి చివర్లో అసలు ఫైళ్ళని జోడిస్తారు.

ఫైలు పేరు చివరి అక్షరాలను చూసి మోసపోకూడదు. ఎంపీ4, ఎంఓవీ అనేవి డబ్బాల పేర్లు. లోపల హెచ్.264 ఉందో, హెచ్ఈవీసీ అనే మరో కొడెక్ ఉందో డబ్బా పేరు చెప్పదు. ఏవీసీహెచ్‌డీ కార్డు నుంచి ఒక్కో క్లిప్పు ఏరుకోకుండా ఫోల్డర్లన్నీ ఉన్నవున్నట్టు కాపీ చేసుకోవాలి. పెద్ద దృశ్యాన్ని కెమెరా ముక్కలుగా రాసి ఉంటే, వాటిని కలిపే సమాచారం ఆ ఫోల్డర్లలోనే ఉంటుంది.

ఇక ఫోను సంగతి. వెలుతురునీ ప్రాసెసరు మీద బరువునీ బట్టి ఫోన్లు ఫ్రేముల వేగాన్ని అటూఇటూ మారుస్తుంటాయి. సాఫ్ట్‌వేర్ వేగం ఒకేలా ఉందనుకుని పేరిస్తే బొమ్మ ఒకదారి, శబ్దం ఒకదారి అవుతాయి. ముందుగా స్థిరమైన వేగానికి మార్చి ఇంపోర్ట్ చేస్తే చాలు.

రావు 2021 జనవరిలో కన్నుమూశారు. ఆర్లింగ్టన్ తరగతి గదుల్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు వీడియో కొడెక్‌ల మీదే పనిచేస్తూ ప్రపంచమంతా ఉన్నారు. మరీ తేలికగా ఉందన్న ఆ సూత్రం తేలికగా ఉండబట్టే ప్రతి కెమెరాలోకీ ప్రతి జేబులోకీ చేరగలిగింది. బరువైన పద్ధతి ఎంత ఉత్తమమైనా గ్రంథాల్లోనే మిగిలేది.

తండ్రి ఫోను దృశ్యాన్ని స్థిరమైన వేగానికి తెచ్చి, మూడింటినీ ప్రోరెస్‌లోకి మార్చి, టైమ్‌లైన్ మీద ఒకదాని కింద ఒకటి పరిచాడు. పక్క ఊళ్ళో పనిచేసిన ఆ పెద్దాయన పేరు అతనికి తెలిసి ఉండకపోవచ్చు. ప్లే నొక్కాడు. మృదంగం మోగింది, అమ్మాయి పాదం సరిగ్గా ఆ దెబ్బ మీదే పడింది.