శుక్లం తొలగినా తొలగని హ్రస్వదృష్టి : నేత్రపటల చిత్రణ ఆవశ్యకత

మానవ నేత్రం పొడవు సగటున సుమారు 24 మిల్లీమీటర్లు. అది 26 మిల్లీమీటర్లు దాటినా, కంటద్దాల శక్తి మైనస్ 6 డయాప్టర్లను మించినా తీవ్ర హ్రస్వదృష్టిగా పరిగణిస్తారు. శుక్లం తొలగించి కృత్రిమ కటకం అమర్చితే కంటద్దాల అవసరం తగ్గుతుంది. కంటి పొడవు తగ్గదు. సాగి పలుచబడిన నేత్రపటలం, అనగా రెటీనా, అలాగే ఉంటుంది. శస్త్రచికిత్స అనంతరం విట్రియస్ అనే జిగురు పదార్థం దాని నుంచి విడివడేటప్పుడు చిరుగులు ఏర్పడవచ్చు. రెటీనా ఊడిపోయే ప్రమాదం ఇతరులకంటే వీరికి అధికం.

శుక్లం మరుగుపరచిన రెటీనా ఇప్పుడు చిత్రణకు స్పష్టంగా అందుతుంది. ఓ.సి.టి. పరీక్ష కాంతి సహాయంతో మధ్యభాగపు పొరలను మైక్రాన్ల స్థాయిలో చూపుతుంది. అంచుల్లోని చిరుగులకు కంటిపాపను విప్పార్చి చేసే పరీక్ష, విశాలక్షేత్ర ఛాయాచిత్రణ అవసరం. యంత్రం ఎర్రరంగుతో సూచించే ప్రతి పలుచదనమూ గ్లకోమా కాదు. దాని ప్రామాణిక కొలతలు ప్రధానంగా సాధారణ నిడివిగల కళ్లవి.

అనకాపల్లి ప్రాంతీయులకు సమీపంలోని విశాఖపట్నంలో రెటీనా నిపుణులున్నారు. అక్కడికి వెళ్లినవారు పాత కంటద్దాల సంఖ్యను తప్పక తెలపాలి. శస్త్రచికిత్స తర్వాత కొత్త సంఖ్య ఆ చరిత్రను చెప్పదు. మెరుపులు, నల్లని చుక్కలు, తెర కమ్మినట్లుండటం కనిపిస్తే ఆనాడే పరీక్ష చేయించుకోవాలి.